నట్టు కింది పసుపు

1999 నవంబరులో నేను సింగపూర్‌లోని ఒక వేలం సంస్థలో సీనియర్ కేటలాగర్‌గా ఉన్నాను. పాయా లేబర్‌లో ఒక పాత భవనం నాలుగో అంతస్తు మా ఆఫీసు. వేలానికి వచ్చే ప్రతి వస్తువునూ చూసి, అదేమిటో, ఏ కాలానిదో, ఏ స్థితిలో ఉందో రాసి సంతకం పెట్టడం నా పని. నాకు అప్పగించిన విభాగం సోవియట్ సైనిక పతకాలు, బ్యాడ్జీలు. అంతకుముందు చాలా ఏళ్లు విశాఖపట్నం రేవులో రష్యన్ నిపుణులకు దుభాషిగా చేశాను. ఆ దేశం విడిపోయాక దుభాషితో పని తగ్గింది. వాళ్ల పతకాలు మాత్రం సంచుల కొద్దీ బయటికొచ్చి ప్రపంచమంతా అమ్ముడుపోసాగాయి. రష్యన్ అక్షరాలు చదవగలిగిన మనిషి కావాలన్నారు. వచ్చి చేరాను.

ఈ వృత్తి సంగతులు రాయమని అడిగినవారు ప్రశాంతంగా రాస్తాననుకుని అడిగి ఉంటారు. ఈ ఒక్క సంగతీ ప్రశాంతంగా రాయడం నా వల్ల కాదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ముందు పని గురించి కొంచెం చెప్పాలి. సోవియట్ గౌరవ చిహ్నాల్లో పెద్దవి ఆర్డర్లు. వాటి వెనక ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరునూ, దానితో ఇచ్చిన చిన్న పుస్తకాన్నీ కలిపి చూస్తే అది ఎవరికి ఇచ్చారో చాలాసార్లు తేలిపోతుంది. బ్యాడ్జీల సంగతి అలా కాదు. వాటికి నంబర్లుండవు. ఒకే అచ్చులోంచి వేలకు వేలు వచ్చినవి. ఒకదాన్నించి ఇంకొకదాన్ని విడదీసి చెప్పాలంటే వస్తువునే అడగాలి. చేతిలో బరువు చూస్తాం. పాతవి బరువైన ఇత్తడివి, తరువాతి కాలంలో తేలిక లోహం వచ్చింది. రంగు కొలిమిలో కాల్చిన గాజుపూతా, మామూలు పెయింటా అని భూతద్దంలో చూస్తాం. వెనక ఒక మర ఉంటుంది. దాన్ని కోటు గుడ్డలోంచి దూర్చి అవతలి వైపు గుండ్రటి నట్టు బిగిస్తారు. ఆ నట్టు మీద తయారుచేసిన కర్మాగారం పేరుంటుంది. ఆఖరున చూసేది కిలుము. దేశం పడిపోయాక కొందరు పాత అచ్చులతోనే కొత్త సరుకు కొట్టడం మొదలుపెట్టారు. ముఖం అదే, అక్షరాలు అవే, వయసు మాత్రం ఉండదు. అందుకని కిలుము లేకుండా తళతళలాడే ఇత్తడి కనబడితే మాకు ముందు అనుమానం వస్తుంది.

అది కంప్యూటర్ కంపెనీలు రాజ్యమేలిన కాలం. రెండు వేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా గగ్గోలు. ఆ భయం మీద బతికిన కంపెనీల్లో ఒకదాని యజమాని రఘురామ్ గారు. హైదరాబాదు మనిషి. మొదట గడియారాలు కొన్నాడు, తరువాత పెన్నులు, ఆ తరువాత సోవియట్ నౌకాదళం బ్యాడ్జీల మీద పడ్డాడు. రష్యన్ ఒక్క అక్షరం రాదు. నేర్చుకుందామన్న ఆలోచనా లేదు. కొన్న ప్రతిదాన్నీ ముందు నగల దుకాణానికి పంపి మిషను మీద మెరుగు పెట్టించేవాడు. అలా చేస్తే వస్తువు చచ్చిపోతుందని రెండుసార్లు చెప్పాను. "మెరవకపోతే మజా ఏముంది సార్" అన్నాడు. మూడోసారి చెప్పలేదు.

ఆ నవంబరులో ఒక ఆదివారం ఆయన సేకరణను మా హాల్లో ప్రదర్శనకు పెట్టాం. బ్యాడ్జీలు మఖమల్ పరిచిన ట్రేలలో వచ్చాయి. అదే రోజు మాకు సందర్శకుల దినం కూడా. ఊళ్లో ఎవరైనా తమ దగ్గరున్న పాత వస్తువు తెచ్చి చూపించుకోవచ్చు. రెండూ ఒకే రోజు పెట్టవద్దని నేను డైరెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాను. జనం ఎక్కువ వస్తారు కదా అని ఆయన పెట్టించాడు.

మధ్యాహ్నానికి నా బల్ల ముందు నూకరాజు అనే మనిషి కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లెవాడు. షిప్‌యార్డులో వెల్డరు. వర్క్ పర్మిట్ మీద వచ్చి క్రాంజీలో కార్మికుల డార్మిటరీలో ఉంటున్నాడు. తన వంతు వచ్చేదాకా గంటకు పైగా హాల్లో బెంచీ మీద, ఆ ట్రేల పక్కనే కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి ఎర్ర గుడ్డలో చుట్టిన బ్యాడ్జి తీశాడు. నౌకాదళ జెండా, ఒక ఓడ, రష్యన్‌లో మూడు మాటలు. సోవియట్ నావికులకు సుదూర యాత్ర చేసి వచ్చాక ఇచ్చే బ్యాడ్జి అది.

"అమ్మడానికి కాదు బాబూ. మా నాయిన రేవులో లాంచీ నడిపేవోడు. ఒక రష్యా ఆయన సొక్కా నుంచి ఇప్పి ఇచ్చినాడంట. దీని మీద ఏటి రాసుందో సదివి సెప్తారని ఒచ్చాను. నాయిన పోయేదాకా అడగతానే ఉన్నాడు."

మూడు మాటలు. చదివి చెప్పడానికి రెండు క్షణాలు చాలు. కానీ సంస్థ నియమం ఒకటుంది. బల్ల దగ్గర నోటిమాటగా ఏదీ చెప్పకూడదు. వస్తువు తీసుకుని, రసీదు ఇచ్చి, దాని స్థితి వివరించే కండిషన్ షీటు రాసి, వారం తరువాత అభిప్రాయం చెప్పాలి. అతని వెనక పాతికమంది ఉన్నారు. వచ్చే ఆదివారం రమ్మని రసీదు ఇచ్చి పంపేశాను. అతను లేచి చేతులు జోడించి వెళ్లాడు.

సాయంత్రం ఆ బ్యాడ్జి నట్టు విప్పి షీటు రాశాను. ఇంగ్లీషులో రాసిన ఆ వాక్యాలు తెలుగులో ఇవి: "బరువైన ఇత్తడి, కాల్చిన పూత, తొలి రకం. ముందువైపు కిలుము లేదు. ఇటీవల మెరుగు పెట్టినది. నట్టు కింద నగల పనివారి ఎర్ర పాలిష్ పొడి, పసుపుపచ్చని మైనం జాడలు." కింద నా సంతకం.

గంట తరువాత ట్రేలు సర్దుతుంటే రఘురామ్ గారి జాబితా ప్రకారం ఒకటి తగ్గింది. ఏది తగ్గిందంటారా? అదే రకం, అదే కాలం, నగల దుకాణంలో మెరుగు పెట్టినది. డైరెక్టరు నా షీటు తీసి జాబితా పక్కన పెట్టాడు. రెండూ అచ్చుగుద్దినట్టు కలిశాయి.

దొంగిలించినవాడు ఆ సొత్తును అదే ఇంట్లో, అదే రోజు బల్ల మీద పెట్టి ఇదేమిటని అడుగుతాడా అని నేను గొంతు పెంచాను. విలువ తెలియక అడిగి ఉంటాడని ఆయన జవాబు. లోపలికి తెచ్చే వస్తువులను గేటు దగ్గర రాసుకోవాలన్న నియమం ఉంది కదా, గేటు పుస్తకం చూడమన్నాను. ఆ రోజు రద్దీలో గార్డు ఎవరివీ రాయలేదు. అంతటితో విచారణ అయిపోయింది. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు, డైరెక్టరు సోమవారం పొద్దున్నే నూకరాజు కంపెనీకి ఫోను చేశాడు. అదే ప్రదర్శనకు మంచి సూట్లు వేసుకున్న పెద్దమనుషులు ఎంతోమంది వచ్చారు. వాళ్లలో ఒక్కరికైనా ఫోను వెళ్లిందా? వెళ్లలేదు.

వర్క్ పర్మిట్ అంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతున్నాను. ఆ పర్మిట్ కంపెనీ చేతిలో ఉంటుంది. కంపెనీ వద్దనుకుంటే మనిషి ఇంటికి పోవాలి. నేరం రుజువు కానక్కరలేదు, గొడవ మనిషి అన్న పేరు వస్తే చాలు. మంగళవారానికి తెలిసింది, నూకరాజును పనిలోంచి ఆపేసి డార్మిటరీలో కూర్చోబెట్టారు, శుక్రవారం విమానానికి టికెట్ తీశారు. పోలీసుల దాకా ఎందుకు, పరువు పోతుంది అని రెండు సంస్థలూ మర్యాదగా మాట్లాడుకున్నాయట. ఎవరి పరువో నాకు ఎవరూ చెప్పలేదు.

నేను ఆ బ్యాడ్జిని మళ్లీ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఏదైనా తేడా దొరకాలి. దొరకలేదు. నట్టు మీది కర్మాగారం పేరు కూడా రఘురామ్ గారి జాబితాలోదే. ఎంత చూసినా నా షీటు నిజమనే అనిపిస్తోంది. నా రాతే అతని మెడకు ఉరితాడయింది, దాన్ని కోయడానికి నా దగ్గర కత్తి లేదు.

బుధవారం మధ్యాహ్నం సరోజమ్మ నన్ను భోజనానికి పిలవడానికి వచ్చింది. మా ప్యాకింగ్ విభాగం చూసే మనిషి. యాభై దాటింది. వాళ్ల ముత్తాత కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నాలుగు తరాలుగా ఇక్కడే. ఇల్లు చోవా చూ కాంగ్‌లో. ఆమె తెలుగులో అరవం, మలయ్ అన్నీ కలిసిపోయి ఉంటాయి.

"అన్నా, మకాన్ టైమ్ అయిపోయింది, రారా?" అని, నా భుజం మీదుగా భూతద్దంలోకి తొంగిచూసింది. "ఐయో, ఎవరు దీనికి పూజ చేసింది?"

పూజ ఏమిటన్నాను విసుగ్గా.

"కుంకం కదా అన్నా అది. కింద పసుపు. దీనికి లెన్స్ ఎందుకు? ఆయుధ పూజకి మా ఇంట్లో కత్తెరకి, స్పానర్‌కి అన్నిటికీ పెడతాం. ముందర చింతపండు వేసి బాగా తోముతాం, తరువాత బొట్టు."

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. కిలుము ఎందుకు లేదు? చింతపండుతో తోమారు కాబట్టి. మా అమ్మ వారం వారం ఇత్తడి బిందెలు చింతపండుతో తోమడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఎర్ర పొడి కుంకుమ. మైనం అనుకున్నది నూనె జిడ్డు పట్టిన పసుపు. దసరా వెళ్లి నెలైనా కాలేదు. ఎర్ర గుడ్డలో చుట్టి తెచ్చాడు, అదైనా చూడలేదు. ఇంగ్లీషు పుస్తకాల్లో నగల పాలిష్ పొడి ఎర్రగా ఉంటుందని చదివాను కాబట్టి కళ్లకు అదే కనబడింది.

సరోజమ్మ తాంబూలం వేసుకునే మనిషి. ఆమె సంచిలోని సున్నం డబ్బా అడిగి తీసుకున్నాను. డైరెక్టరును గదిలోంచి లేపుకొచ్చాను. రఘురామ్ గారు అప్పుడే ఏవో కాగితాల మీద సంతకానికి వచ్చి ఉన్నాడు. ఆయన్నీ రమ్మన్నాను. రెండు తెల్ల సాసర్లు పెట్టాను. ఒకదాంట్లో నగల పనివారు వాడే పసుపుపచ్చని మైనం. రెండోదాంట్లో నట్టు కింది నుంచి సూదితో గీకి తీసిన పసుపుపచ్చ రేణువులు. రెండింట్లోనూ చిటికెడు సున్నం, నాలుగు చుక్కల నీళ్లు కలిపాను. మొదటిది ఉన్నట్టే ఉంది. రెండోది చూస్తుండగానే ఎర్రబారింది.

డైరెక్టరుకు అర్థం కాలేదు. రఘురామ్ గారికి క్షణంలో అర్థమయింది. తెలుగింట్లో పుట్టినవాడికి పసుపూ సున్నమూ కలిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు.

"ఎర్రనీళ్లు" అన్నాడు నెమ్మదిగా.

"మీరు మీ బ్యాడ్జీలకు పసుపు రాస్తారా?" అని అడిగాను.

లేదన్నాడు.

"మీ నగల దుకాణంవాడు రాస్తాడా?"

తల అడ్డంగా ఊపాడు. అయితే ఇది మీది కాదు అన్నాను. నా షీటు తప్పని, మొదటి నుంచి చివరిదాకా నాదే తప్పని ఇద్దరికీ వినబడేట్టు చెప్పాను. డైరెక్టరు గడియారం చూసుకుని, రేపు చూద్దాం అన్నాడు. రేపు కాదు ఇప్పుడే అన్నాను. నూకరాజు కంపెనీకి ఫోను చేసి టికెట్ రద్దు చేయించేదాకా ఆయన గది గుమ్మంలోంచి కదల్లేదు. అరిచానని తరువాత అందరూ అన్నారు. అరిచే ఉంటాను.

గురువారం పొద్దున రఘురామ్ గారి నుంచి ఫోను. తప్పిపోయిన బ్యాడ్జి దొరికిందట. సేకరణ మొత్తాన్నీ కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టాలని ఒక్కొక్కదాన్నీ స్కానర్ మీద పెట్టి బొమ్మలు తీయించాడు. ఆ ఒక్కటీ స్కానర్ మూత కిందే ఉండిపోయింది. అంటే ట్రే మా దగ్గరికి వచ్చినప్పుడే ఒకటి తక్కువ, మేము లెక్కపెట్టుకోకుండా తీసుకున్నాం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు! ఆయన ఫోనులో నవ్వాడు. సారీ సార్, చిన్న మిస్టేక్ అన్నాడు. నేను ఫోను పెట్టేశాను. ఆ మనిషితో మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన వస్తువులకు షీట్లు మాత్రం రాశాను, ఉద్యోగం కదా.

అదే రోజు డైరెక్టరు షిప్‌యార్డు కంపెనీకి ఉత్తరం పంపాడు. "ఈ విషయం పరిష్కారమైనది. తదుపరి చర్య అవసరం లేదు." ఈ రెండే వాక్యాలు. ఆ మనిషి దొంగ కాదని రాయమన్నాను. అలా రాస్తే మొదట దొంగ అన్నట్టు మనమే ఒప్పుకున్నట్టవుతుందని లాయరు చెప్పాడట. అన్నారు కదండీ మరి! ఫోనులో అనడానికి లాయరు అక్కరలేదు, కాదని కాగితం మీద పెట్టడానికి మాత్రం లాయరు కావాలి. ఇంత తెలివి ఆదివారం రాత్రి ఎక్కడికి పోయిందో.

ఆదివారం బ్యాడ్జి తీసుకుని నేనే క్రాంజీ వెళ్లాను. బస్సు దిగి, తోటలు దాటి, డార్మిటరీ గేటులో పేరు రాసి లోపలికి వెళ్లాను. ఒక గదిలో పన్నెండు మంచాలు, మీదొకటి కిందొకటి. నూకరాజు కింది మంచం మీద కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు గాని చేతులు జోడించలేదు.

అంతా అయిపోయింది, శనివారం నుంచి పనిలోకి తీసుకున్నారు కదా అన్నాను.

"తీసుకున్నారు బాబూ" అన్నాడు. "ఈ మంచాలు సూడండి. మా ఊరోలే సగం మంది. నాలుగేళ్లు ఒక్క పెట్టికీ తాళం నేదు. సోమారం నుంచి అందరూ తాళాలేసుకున్నారు."

నిజమే. ప్రతి మంచం కిందా ఒక ఇనప పెట్టె, ప్రతి పెట్టెకూ కొత్త తాళం. అతని పెట్టెకు ఒక్కదానికే లేదు.

నేను డైరెక్టరు ఉత్తరం సంగతి చెప్పాను. "దొంగ కాదని రాసినారా?" అని అడిగాడు. లేదన్నాను. "మరి పాలీసు పొడుందని రాసినదెవులు?" అన్నాడు. ఫోర్‌మన్ అతనికి అంత వివరంగానే చెప్పాడన్నమాట.

"నేనే."

నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"మీరు తెలుగోలే గదా బాబూ. పసుపూ కుంకం ఆనవాలు తెలీనేదా?" అన్నాడు. "అడిగితే నాను సెప్పీవోణ్ని గదా. దసరాకి నా వెల్డింగు హోల్డరుతో పాటు దీనికీ ఇక్కడే పూజ సేసినాను. చింతపండు మెస్సులోంచి తెచ్చినాను. అడగనేదు మీరు."

వారమంతా డైరెక్టరు మీద, రఘురామ్ గారి మీద అరిచి వచ్చినవాణ్ణి. ఇతని ముందు తల దించుకుని సంచి తెరిచాను.

నా సంచిలో సంస్థ కాగితాలు ఉన్నాయి. కేటలాగర్ తన పేరు మీద ఎవరికీ ఉత్తరం ఇవ్వకూడదన్నది ఇంకొక నియమం. అతని మంచం మీదే కూర్చుని రాశాను. ఈ బ్యాడ్జి నూకరాజు తండ్రిది, ఇప్పుడు నూకరాజుది. తప్పిపోయిందన్న ఇంకొక బ్యాడ్జి దాని యజమాని ఆఫీసులోనే దొరికింది. పూజకు పెట్టిన పసుపు కుంకుమలను నేను పాలిష్ పొడి అని తప్పుగా రాశాను. ఆ తప్పు వల్ల ఇతని మీద నింద పడింది. ఇతను ఏ తప్పూ చేయలేదు. ఒకటి ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో రాసి, హోదాతో సహా సంతకం పెట్టాను. తెలుగుది గది మధ్యలో నిలబడి చదవమన్నాడు. చదివాను. ఆదివారం కాబట్టి అందరూ ఉన్నారు. చదవడం అయ్యాక ఒక పెద్దాయన వంగి తన పెట్టె తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఒకరిద్దరు తీశారు. మిగిలినవాళ్లు తీయలేదు.

అప్పుడు బ్యాడ్జి చేతికిచ్చి, దాని మీద రాసింది చదివి చెప్పాను. "దూర యాత్రకు గుర్తుగా" అని అర్థం అన్నాను.

"మా నాయిన రేవు దాటి ఎప్పుడూ ఎల్నేదు బాబూ" అన్నాడు నూకరాజు. దాన్ని ఎర్ర గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. నాకు టీ ఇవ్వలేదు, నేనూ ఆశించలేదు.

ఆ ఉత్తరం సంగతి బయటపడి నాకు హెచ్చరిక మెమో వచ్చింది. ఆ ఏడాది రావలసిన ప్రమోషను రాలేదు. ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నట్టు రాసివ్వమని డైరెక్టరు రెండుసార్లు అడిగాడు. ఇవ్వలేదు.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది చిన్న విషయం. వస్తువు స్థితి అంటే దాన్ని పెట్టుకున్న మనుషులు దానికి చేసినదంతా. భూతద్దంలో సగమే కనబడుతుంది, మిగతా సగం యజమాని చెప్పాలి. నా విభాగంలో కండిషన్ షీటు మీద అన్నింటికన్నా పైన ఒక గడి చేర్పించాను: "ఎవరు, దేనితో, ఎప్పుడు శుభ్రం చేస్తారు? యజమానిని అడిగి రాయండి." పదవీ విరమణ చేసేదాకా ఒక్క షీటులో కూడా దాన్ని ఖాళీగా వదల్లేదు. నింపడానికి ఒక నిమిషం పడుతుంది. ఆ ఆదివారం నూకరాజు నా బల్ల ముందు అంతకన్నా ఎక్కువసేపే కూర్చున్నాడు.